రాజ్‌దూత్ 350: నెంబరుకు ఇచ్చే డబ్బు, క్రాంకుకు పెట్టే డబ్బు

నా దగ్గరున్నది 1984 రాజ్‌దూత్ 350 బైకు, హెచ్‌టీ (హై టార్క్) మోడల్. నా చేతికొచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఫ్యాక్టరీలో ఏ ఇంజన్‌తో బయటికొచ్చిందో ఇప్పటికీ అదే ఇంజన్. ఆర్సీలో ఏ నెంబరుందో ఇంజన్ కేసు మీద అదే నెంబరుంది. కడపలో ఏడు రోడ్ల దగ్గర టీకి ఆపితే చాలు, కుర్రోళ్లొచ్చి ముందు వంగి ఆ నెంబరు చూస్తారు. "ఇస్తావా అనా" అని అడిగేది ఆ తర్వాతే. అందుకని ఈ సమీక్షలో బండి గురించి రాయాల్సినంత రాసి, ఆ నెంబరు గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

తెలియనివాళ్లకు రెండు మాటలు. యమహా ఆర్‌డీ 350బీని పట్టుకొని ఎస్కార్ట్స్ కంపెనీ 1983లో మన దేశంలో మొదలుపెట్టిన బండి ఇది. టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, 347 సీసీ, ఆరు గేర్లు. జపాన్ బండికి 39 హార్స్‌పవర్. మన హెచ్‌టీకి దాన్ని 30.5కు తగ్గించారు. అప్పటికీ పెట్రోలు ఎక్కువ తాగుతోందని జనం గోల పెడితే సిలిండర్ పోర్టులూ సైలెన్సర్లూ మార్చి 27కు దించి ఎల్‌టీ (లో టార్క్) అన్నారు. జపాన్ బండి ముందు చక్రానికి డిస్కుంటే మనకు డ్రమ్మిచ్చారు. ఇంత చేసినా అమ్ముడుపోలేదు. లీటరుకు ఇరవై ఇస్తే గొప్ప అనుకునే బండిని ఆ రోజుల్లో జీతగాడెవడు కొంటాడు? తొంభై వచ్చేసరికి కథ ముగిసింది.

ఆ తర్వాత ఈ బండ్లకు పట్టిన గతే ఇప్పటి రేట్లకు మూలం. పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు, అంటే క్రాంకు, పోయిన బండిని బాగుచేయించడం కన్నా గుజిరీకి వేయడం చవక. ఒక బండి ఇంజన్ ఇంకో బండిలోకి పోయింది, ఎల్‌టీ కేసు మీదికి హెచ్‌టీ సిలిండర్లు ఎక్కాయి, కాగితాలు ఒక బండివి, ఇనుము ఇంకో బండిది అయ్యింది. నేను కొన్నప్పుడు నెంబర్లు కలిశాయా లేదా అని నన్నెవరూ అడగలేదు, నేనూ పెద్దగా పట్టించుకోలేదు. ప్రొద్దుటూరులో ఒక పెద్దాయన కొట్టంలో, శెనక్కాయ మూటల వెనక ఉండిపోయిన బండి. ఆయన ఎవరినీ ఇంజన్ ముట్టనియ్యలేదు, అది నా అదృష్టం.

నడపడం ఎలా ఉంటుందంటే, నాలుగు వేల ఆర్‌పీఎం దాకా ఇది మర్యాదగా పోయే బండే. ఐదు దాటిందంటే బండి మారిపోతుంది. రాయచోటి దోవలో గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడు మూడో గేర్లో ఆ మార్పు వస్తుంది చూడండి, దానికోసమే ఈ బండిని ఇన్నేళ్లు భరించాను. ఇద్దరం కూర్చున్నా మలుపు మలుపుకూ గేరు దించాల్సిన పని లేదు. పైన పాలకోవా తిని దిగేటప్పుడు మాత్రం లెక్క వేరు. ముందరి డ్రమ్ము బ్రేకు ఒకటి రెండు మలుపులకే వేడెక్కి జారుతుంది. దానికంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. ఈ ఇంజన్‌కు ఆయిల్ పంపు విడిగా ఉంటుంది, అది ఆర్‌పీఎంతో పాటు యాక్సిలరేటర్ తీగతో కూడా నడుస్తుంది. దిగుడులో యాక్సిలరేటర్ పూర్తిగా మూసి ఇంజన్‌ను గేర్లోనే తిరగనిస్తే పిస్టన్లకు ఆయిల్ చాలదు. టూ స్ట్రోక్ కొత్తగా పట్టినవాళ్లకు ఇది చెప్పేవాళ్లు లేరు. దిగేటప్పుడు మధ్యమధ్యలో కాస్త యాక్సిలరేటర్ తిప్పుతూ ఉండాలి, లేదంటే క్లచ్చు పట్టి వదలాలి. ఒరిజినల్ ఇంజన్ అని గొప్పలు పోయేవాళ్లు ముందు ఇది నేర్చుకుంటే ఆ ఇంజన్ మిగులుతుంది.

ఎండాకాలం మా ఊళ్లో నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీలు మామూలు. గాలితో చల్లబడాల్సిన ఇంజన్, ఆ గాలే కాలుతుంటే ఏం చేస్తుంది? మే నెలలో ఉదయం తొమ్మిది లోపల, సాయంత్రం ఆరు తర్వాత, అంతే. రెండు ప్లగ్గులూ విప్పి పక్కపక్కన పెట్టి రంగు చూడటం నాకు అలవాటైపోయింది. ఒకటి గోధుమ రంగులో ఉండి రెండోది తెల్లగా ఉందంటే ఆ పక్క గాలి లాగుతోందని అర్థం. క్రాంకు చివర సీలు పోయిందా, కార్బరేటర్ రబ్బరు పగిలిందా చూసుకోవాలి. స్పార్కు ఎప్పుడు రావాలో తేల్చే పాయింట్ల సెట్టింగు రెండు సిలిండర్లకూ విడివిడిగా, డయల్ గేజ్‌తో చేయాలి. చెవితో విని పెట్టే మెకానిక్కులున్నారు, వాళ్ల దగ్గరికి నేను పోను.

ఇప్పుడు అసలు విషయం. "ఒరిజినల్ ఇంజన్" అని నేను చెప్పుకునే ఈ ఇంజన్లో ఫ్యాక్టరీ నాటివి ఎన్ని మిగిలాయో లెక్కేస్తే నవ్వొస్తుంది. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 64 మిల్లీమీటర్లతో మొదలైంది. బోరింగ్ చేయించినప్పుడల్లా కాస్త పెద్దవి, ఓవర్‌సైజు పిస్టన్లు పడ్డాయి. క్రాంకు విప్పించి కనెక్టింగ్ రాడ్లు, బేరింగులు, సీళ్లు మార్పించాను. రీడ్ వాల్వుల రేకులు మారాయి, క్లచ్చు ప్లేట్లు మారాయి. చివరికి పాయింట్లతో విసిగి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించి, పాత పాయింట్ల ప్లేటు డబ్బాలో దాచాను. మరి ఒరిజినల్‌గా మిగిలిందేంటి? క్రాంక్ కేసు. మార్కెట్ డబ్బిచ్చేది దానికే.

ఊరికే ఇవ్వడం లేదు. ఈ ఇంజన్ కేసు పైదొకటి, కిందదొకటి, అడ్డంగా రెండు భాగాలు. బేరింగులు కూర్చునే గుంతలను ఫ్యాక్టరీలో రెంటినీ బిగించి ఒకేసారి తొలుస్తారు. కాబట్టి అవి జంటగానే పుడతాయి. ఇంకో కేసు నుంచి కింది భాగం తెచ్చి వేస్తే బేరింగు సరిగ్గా కూర్చోదు. నెంబరు కొట్టింది పై భాగం మీద. కనెక్టింగ్ రాడ్డు విరిగి కేసును పగలగొట్టిందనుకోండి, జత మొత్తం పోయినట్టే, దాంతో పాటు నెంబరూ పోతుంది. పిస్టన్, సిలిండర్ ఎన్నిసార్లు మార్చినా నెంబరుకు ఏమీ కాదు. అంటే మా బండికి సంబంధించినంతవరకు నెంబరు నిలిచిందంటే కేసు పగిలేంత నిర్లక్ష్యం జరగలేదనే సాక్ష్యం. అంతవరకే. లోపల క్రాంకు నిటారుగా తిరుగుతోందో ఊగుతోందో అది చెప్పదు. మా మెకానిక్ భాయ్ దీన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు: "కొనేటోడు నెంబరు చూస్తాడు, నేను క్రాంకు చూస్తా."

అమెరికా స్పోర్ట్స్ కారు షెవ్రొలే కార్వెట్‌లో ఇది తలకిందులుగా ఉంటుంది, అందుకే అక్కడ గొడవలు ఎక్కువ. ఆ కారు వీ8 ఇంజన్లో నెంబరు కొట్టేది బ్లాకు ముందు భాగంలో, కుడివైపు సిలిండర్ హెడ్డు పక్కనున్న చదును మీద. హెడ్డు కూర్చునే తలాన్ని మిషన్ మీద సాపు చేయించాల్సి వస్తే ఆ చదును కూడా దాంతో పాటే కోసుకుపోతుంది. నిజాయితీగా రిపేరు చేయించుకున్నవాడి కారుకు నెంబరు పోతుంది. మోసగాడు అదే చదును మీద కొత్త నెంబరు గుద్దుకుంటాడు. అందుకే అక్కడి నిపుణులు అంకెలతో ఆగరు, ఫ్యాక్టరీ మిషన్ వదిలిన సన్నని గీతలు ఆ చదును మీద అలాగే ఉన్నాయా అని భూతద్దం పెట్టి వెతుకుతారు. ఒకే కారు, ఒకే రంగు, ఒకే నడక. గీతలున్నదానికొక రేటు, లేనిదానికొక రేటు.

ఫెరారీ 250 జీటీవో సంగతి ఇంకా వింత. మొత్తం తయారైనవి 36. అందులో ఒకటి 2018లో అమెరికాలోని మాంటెరీ వేలంలో 4.84 కోట్ల డాలర్లకు పోయింది. ఆ కారు 1964లోనే పాత బాడీ తీసేసి కొత్త తరహా బాడీ వేయించుకుంది. అయినా తనతో పుట్టిన ఇంజన్, గేర్‌బాక్సు, వెనక యాక్సిల్ దానికే ఉన్నాయని అమ్మేటప్పుడు గట్టిగా చెప్పారు. పందెం కారు కాబట్టి ఒళ్లు మారడం దాని చరిత్రలో భాగమైంది, ఇంజన్ నిలవడం దాని విలువైంది. మా దగ్గర ట్యాంకు మీద స్టిక్కరు కొత్తదని రేటు తగ్గించే మహానుభావులు ఇది చదవాలి.

అయితే ఒరిజినల్ కానిదంతా చవకే అనుకుంటే పొరపాటు. కాలిఫోర్నియాలో సింగర్ అనే సంస్థ పాత పోర్షె 911లను తీసుకొని ఇంజన్ దగ్గర్నుంచి సీటు కుట్టు దాకా మార్చేస్తుంది. ఫ్యాక్టరీ నాటి నెంబరుతో చక్కగా ఉన్న అదే 911 కన్నా అవి ఎన్నో రెట్లు ఎక్కువ పలుకుతున్నాయి. చేసిన చెయ్యి ఎవరిదో తెలిస్తే జనం మార్పుకు కూడా డబ్బిస్తారు. ఎవరు చేశారో, ఏం చేశారో కాగితం లేకపోతే అదే మార్పు మీద కోత పెడతారు. మా జిల్లాలో డీజిల్ చవకగా ఉన్న కాలంలో అంబాసిడర్, కాంటెస్సాల్లో పెట్రోలు ఇంజన్ పీకి డీజిల్ వేయించుకున్నవాళ్లు చాలామంది. అప్పటికి తెలివైన పనే, నాలుగు రాళ్లు మిగిలాయి. ఇప్పుడు ఇసుజు పెట్రోలు ఇంజన్‌తో మిగిలిన కాంటెస్సా 1.8 జీఎల్ ఉందా అని బెంగుళూరు నుంచి ఫోన్లొస్తున్నాయి.

రాజ్‌దూత్ 350 కొనాలనుకునేవాళ్లు మూడు రకాల బండ్లు చూస్తారు. ఆర్సీ, కేసు కలిసినవి మొదటి రకం. వేరే రాజ్‌దూత్ ఇంజన్ వేసి, ఆర్టీఓ ఆఫీసులో చెప్పి, ఆర్సీలో కొత్త నెంబరు ఎక్కించుకున్నవి రెండో రకం. మూడో రకం, ఆర్సీలో ఉన్న నెంబరునే ఇంకో కేసు మీద గుద్దినవి. రెండో రకానికి మార్కెట్లో రేటు బాగా పడిపోతుంది, నా లెక్కలో అంత పడాల్సిన పని లేదు. యజమాని నిజం చెప్పి కాగితం మీద పెట్టాడు, నడుపుకోడానికి అంతకన్నా ఏం కావాలి? మూడోది మాత్రం ఎంత మెరుస్తున్నా, ఎంత చవకగా ఇస్తున్నా ముట్టుకోవద్దు. మళ్లీ గుద్దిన నెంబరంటే దొంగబండేమో అన్న అనుమానం పోలీసులకే కాదు, రేపు మీ దగ్గర కొనేవాడికీ వస్తుంది.

కనిపెట్టడం మరీ కష్టం కాదు. నెంబరున్న చోట గ్రీజు తుడిచి టార్చి ఏటవాలుగా పట్టండి. ఫ్యాక్టరీ పోత పోసిన అల్యూమినియం కొంచెం గరుకుగా ఉంటుంది. ఆ ఒక్కచోటే నున్నగా, పక్కలకన్నా పల్లంగా ఉంటే ఆకురాయి తిరిగినట్టే. అంకెల లోతు ఒకేలా ఉందా, వరస తప్పిందా చూడండి. ఆర్టీఓ ఆఫీసు దగ్గర తీసినట్టే పెన్సిల్ ప్రింటు తీసి ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. కేసు మీద పెయింటు వేసి ఉంటే, ఎందుకు వేశావని అడగండి. సమాధానం చెప్పే తీరులోనే సగం తెలిసిపోతుంది.

పాత ఆర్సీ పుస్తకమైతే ముందు అది ఆన్‌లైన్లో ఎక్కిందో లేదో చూసుకోవాలి. నాది రెన్యువల్‌కు పోయినప్పుడు బ్రేకిన్‌స్పెక్టర్ బండి చుట్టూ తిరిగి, రెండు నెంబర్లూ కలిసేసరికి ఒక్క ప్రశ్న కూడా వేయకుండా సంతకం పెట్టాడు. నా పక్కనే ఇంజన్ మార్చిన బుల్లెట్టు ఆయన మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాడు. ఒరిజినల్ నెంబరు వల్ల నాకు చేతికందిన లాభం ఇప్పటికి ఇదొక్కటే.

ఎందుకంటే మిగతా విలువంతా కొనేవాడి మనసులో ఉంది. ఇన్సూరెన్సువాళ్ల తరుగుదల పట్టిక అయిదేళ్లతో అయిపోతుంది, ఆపైన బండి విలువ మనమూ వాళ్లూ మాట్లాడుకుని ఒప్పుకోవాలి. నలభై ఏళ్ల టూ స్ట్రోక్‌కు కేసు మీద నెంబరు చూసి విలువ కట్టే కౌంటర్ నాకింకా కనిపించలేదు. థర్డ్ పార్టీ కట్టి వస్తున్నా. ఇక 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధన ఒకటుంది. యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేకుండా ఉన్న బండ్లకు వీఏ అక్షరాలతో వేరే నెంబరు ప్లేటు, 20,000 రూపాయల ఫీజు, పదేళ్ల గడువు. రోజువారీ తిరగడానికి మాత్రం వీల్లేదు. నా బండికి 2034లో యాభై నిండుతాయి. ఘాటు ఎక్కనివ్వని ప్లేటు నాకెందుకు అనిపిస్తుంది గానీ, అమ్మేవాళ్లు ఇప్పటికే ఆ ఏడు చూపించి రేటు చెప్తున్నారు.

నా మాట అడిగితే, నెంబరు కలిసిన బండికి ఎక్కువివ్వండి, తప్పులేదు. కానీ ఆ ఎక్కువ డబ్బులోంచే క్రాంకు పనికి పక్కన పెట్టుకోండి. పెట్టుకోలేకపోతే రెండో రకం బండి, క్రాంకు కొత్తగా కట్టించింది దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి, మీరు నాకన్నా ఎక్కువ తిరుగుతారు. తీసిన పాత సామాను ఏదీ పారేయొద్దు, లేత్ షాపు బిల్లులతో సహా. నా పాయింట్ల ప్లేటు, మొదటి పిస్టన్లు, ఒక జత పాత సైలెన్సర్లు గోనెసంచిలో అటక మీద ఉన్నాయి. ఇంట్లో తిడుతుంటారు. బండి చూడ్డానికొచ్చినవాడు మాత్రం బండి కన్నా ముందు ఆ సంచీ దించమంటాడు.

సిలిండర్లకు ఇంకొక్క ఓవర్‌సైజు మిగిలుంది. అదీ అయిపోతే కొత్త స్లీవ్ (సిలిండర్ లోపలి గొట్టం) దిగేయించి మళ్లీ 64 మిల్లీమీటర్ల నుంచి మొదలుపెట్టొచ్చు, కేసు మీద నెంబరుకు దాంతో సంబంధం లేదు. స్లీవ్ బాగా దించే లేత్ షాపు కడపలో ఒకటుంది, పనికిచ్చేటప్పుడు రెండు సిలిండర్లూ కలిపే ఇవ్వండి.