దబ్బతొక్క వాసన సబ్బు: మూడు వారాల వాడకం తరువాత

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరలో ఉన్న ఒక చిన్న దుకాణంలో, చేతితో తయారుచేసిన సబ్బులు పేర్చిన అద్దాల బీరువాలో, దబ్బకాయ బొమ్మ వేసిన కాగితం చుట్టిన బిళ్ళ ఒకటి నా కంటపడింది. 100 గ్రాముల బిళ్ళ ధర 90 రూపాయలు. నిమ్మవాసన సబ్బుల మీద నాకు మొదటినుంచీ అంతగా నమ్మకం లేదు. చాలావాటిని వాసన చూస్తే నేల తుడిచే ద్రావణమే గుర్తుకువస్తుంది. అయినా దబ్బకాయ పేరు చదివిన తరువాత దానిని వదిలి రాలేకపోయాను. శ్రీకాకుళం దగ్గర మా పుట్టింటి పెరట్లో దబ్బచెట్టు ఉండేది. పులిహోరకు కాయ కోసేముందు అమ్మ దాని తొక్కను గోటితో గిల్లి మా ముక్కు దగ్గర పెట్టేది. సన్నని తుంపర కళ్ళలో పడి చురుక్కుమనేది, ఆ వెంటనే చేదూ తీపీ కలిసిన ఘాటు ముక్కుకు తగిలేది. ఆ వాసన ఒక సబ్బులోకి నిజంగా వస్తుందా అన్నదే నేను తెలుసుకోవాలనుకున్న సంగతి.

వచ్చింది, కానీ పది రోజులే ఉంది.

మొదటిరోజు కాగితం విప్పగానే వచ్చినది తొక్క వాసనే. తీపి తక్కువగా, తొక్క కింది తెల్లని పొర చేదు కూడా తెలిసేటట్టుగా ఉంది. వేడినీళ్ళతో రుద్దుకుంటున్నప్పుడు ఆవిరితో కలిసి స్నానాలగది అంతా కమ్ముకుంది. ఒళ్ళు తుడుచుకున్నాక పావుగంటకు మించి నిలవలేదు. దీనిని తయారుచేసినవారి లోపంగా నేను లెక్కపెట్టను. నారింజ, నిమ్మ, దబ్బ వంటి కాయల వాసన తొక్కలోని చిన్న చిన్న తిత్తుల్లో ఉండే నూనెది. ఆ నూనెలో ముఖ్యమైన పదార్థం లిమోనీన్. నారింజతొక్క నూనెలో అయితే 90 శాతానికి పైగా అదే ఉంటుంది. అది చాలా తేలికగా గాలిలో కలిసిపోతుంది కాబట్టి, మల్లెలాగానో చందనంలాగానో చర్మాన్ని అంటిపెట్టుకుని ఉండడం దాని స్వభావం కాదు. రెండో వారం మధ్యకు వచ్చేసరికి దబ్బ వాసన పలచబడి, దాని వెనుకనుంచి నిమ్మగడ్డి వాసన పైకి వచ్చింది. కాగితం మీద నిమ్మగడ్డి నూనె పేరు కూడా ఉంది. తొక్క నూనె కన్నా అది ఎక్కువకాలం నిలుస్తుంది కాబట్టి సబ్బులు చేసేవారు రెండింటినీ కలపడం మామూలే. చివరి వారమంతా నేను వాడినది, నిజం చెప్పాలంటే, నిమ్మగడ్డి సబ్బే.

ఇక సబ్బు గుణం గురించి. కొబ్బరినూనె, ఆముదం, పామాయిల్‌లను కాస్టిక్ సోడాతో కలిపి, పొయ్యి మీద ఉడికించకుండా పోతపోసిన సబ్బు ఇది. ఈ పద్ధతిలో చేసిన బిళ్ళలను సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెడతారు. తయారీలో పుట్టే గ్లిజరిన్ బయటకు పోకుండా సబ్బులోనే ఉండిపోతుంది. ఆ తేడా చర్మానికి బాగా తెలుస్తుంది. స్నానం తరువాత మోచేతుల దగ్గర, పిక్కల మీద తెల్లగా పొడిబారడం నాకు ప్రతి చలికాలంలోనూ ఉండే బాధ. ఈ మూడు వారాలలో అది స్పష్టంగా తగ్గింది. అయితే అదే గ్లిజరిన్ గాలిలోని తేమను లాక్కుంటుంది. సముద్రం ఎంతో దూరంలో లేని మన జిల్లాల గాలిలో తేమకు కొదవ లేదు కాబట్టి, మూడోరోజుకే బిళ్ళ అడుగు జిగురుగా మారి సబ్బుపెట్టెకు అతుక్కుపోయింది. సందులున్న చెక్కపలక మీదికి మార్చిన తరువాత గట్టిపడింది. ఇద్దరం వాడితే సరిగ్గా ఇరవై ఒక్క రోజులు వచ్చింది. కొనేవారు ఆ పలక కూడా కొనుక్కోవాలని నా మనవి.

మా ఇంట్లో మున్సిపాలిటీ కుళాయి నీరు, బోరు నీరు రెండూ ఉన్నాయి. కుళాయి నీటితో నురుగు చిక్కగా వచ్చి అరచేతిలో నిలిచింది. బోరు నీటితో సగం కూడా రాలేదు, బకెట్ అంచున తెల్లని తెట్టు కట్టింది. కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి ఇలా తెట్టుగా మారడం ఏ సబ్బుకైనా తప్పదు.

నాకు నిజంగా బాధ కలిగించినది కాగితం మీద రాసిన ఒక మాట: దబ్బరసంలోని సి విటమిన్ చర్మానికి కాంతినిస్తుందట. సబ్బు అన్నది క్షారం. దాని పీహెచ్ విలువ 9 నుంచి 10 దాకా ఉంటుంది. అంత క్షారంలో సి విటమిన్ నిలిచే అవకాశం లేదు. రసంలోని ఆమ్లం కూడా కాస్టిక్ సోడాతో కలిసి సోడియం సిట్రేట్ అనే లవణమైపోతుంది. ఆ లవణం నీటిలోని కాల్షియాన్ని పట్టి ఉంచి తెట్టును కొంత తగ్గిస్తుంది కనుక, రసం కలిపినందుకు ఆ మేలు గురించి చెప్పి ఉంటే ఎంతో గౌరవంగా ఉండేది. ఇంత శ్రద్ధగా సబ్బు చేసినవారికి లేని గుణాన్ని అంటగట్టవలసిన అవసరం ఏమిటో నాకు అర్థం కాలేదు. బిళ్ళకు ఉన్న లేత ఇటుకరంగు మాత్రం నిజాయితీగల రంగు. పసుపు కలిపామని రాశారు. హారతి పళ్ళెంలో పసుపునీళ్ళు సున్నం తగిలి ఎర్రబడినట్టే, క్షారం తగిలిన పసుపు ఇక్కడా ఆ వైపుకే తిరిగింది.

కొవ్వు పదార్థం ఎంత శాతమో కాగితం మీద లేదు. స్నానపు సబ్బులకు మన దేశ ప్రమాణాల ప్రకారం మొదటి తరగతికి 76, రెండో తరగతికి 70, మూడో తరగతికి 60 శాతం ఉండాలి. చేతితో చేసినదైనా ఆ అంకె వేస్తే కొనేవారికి పోల్చుకోవడానికి వీలుంటుంది.

పోతపోసిన తేదీ కూడా అంతే ముఖ్యం, ఎందుకంటే తొక్క నూనె గాలికీ వెలుతురుకూ పాతబడితే వాసన చెడడమే కాక, కొందరి చర్మానికి దురద, దద్దుర్లు కలిగించే గుణం దానికి వస్తుంది. ఈ సంగతి దుకాణంలో ఉన్న పెద్దావిడకు నాకన్నా ముందే తెలుసు. రెండో బిళ్ళ కోసం వెళ్ళి ముందువరుసలోది తీయబోతుంటే ఆవిడ నా చేయి ఆపి, "అది వద్దమ్మా, సాయంత్రం ఎండ దాని మీదే పడతాది, వాసన ఎగిరిపోయుంటాది" అని, వెనక రేకు డబ్బా మూత తీసి లోపలినుంచి ఒకటి ఇచ్చారు. అక్కడే నిలబడి రెండింటినీ పక్కపక్కన వాసన చూశాను. ముందువరుసలోది ఎండిన నిమ్మగడ్డిలా ఉంది. డబ్బాలోది ముక్కు దగ్గర పెట్టగానే అప్పుడే గోటితో గిల్లిన తొక్కలా ఘాటుగా తగిలింది. డబ్బాలోవి రెండు తెచ్చుకున్నాను.