ముందు కూర్చోవాలా, కదులుతూనే గమనించాలా? పిలాటీస్ చేసేవాళ్లకు ఏది మేలు

ఈ మధ్య నన్ను చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. మా అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో ఉదయం ఆరున్నరకు నేను నేర్పే పిలాటీస్ క్లాసుకు (ఊపిరితో కలిపి, అదుపుగా మ్యాట్ మీద చేసే వ్యాయామం) వచ్చే ఒక పిన్నిగారు మ్యాట్ పరుచుకుంటూనే అడిగారు: "ఏమ్మా, అందరూ మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నారు కదా. ముందు ఓ పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోమంటావా, సరాసరి పడుకుని మొదలుపెట్టమంటావా?" మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఈ క్షణంలో జరుగుతున్న దాని మీద, ముఖ్యంగా ఊపిరి మీద, ధ్యాస నిలపడం. అప్పటికి "రెండూ మంచివే పిన్నిగారూ" అన్నాను. ఇంటికి వెళ్లాక ఆ జవాబు నాకే నచ్చలేదు. రెండూ మంచివే కావచ్చు. కానీ పొద్దున్నే వంటా, పిల్లల బస్సూ, ఆఫీసు క్యాబూ చూసుకునే మనిషికి ఉన్నది ముప్పై నలభై నిమిషాలు. అందులో పది నిమిషాలు దేనికివ్వాలి అన్నది నిజమైన ప్రశ్న.

నేను రెండు పద్ధతులనూ నా మీదా, నా దగ్గరికి వచ్చేవాళ్ల మీదా చాలాకాలం ప్రయత్నించాను. మొదట్లో ఏడాదిపాటు ప్రతి క్లాసునూ కూర్చోబెట్టే మొదలుపెట్టాను. నిటారుగా కూర్చుని, ముక్కుపుటాల దగ్గర గాలి వచ్చిపోవడాన్ని గమనించడం, అంతే. తర్వాత దాన్ని మానేసి, మొదటి కదలిక నుంచే ఊపిరి మీద ధ్యాస పెట్టించడం మొదలుపెట్టాను. మానడానికి కారణం చెబుతాను. నా నిర్ణయమంతా దాని మీదే నిలబడి ఉంది.

అందరూ చక్కగా కూర్చునేవారు. ముఖాల్లో ప్రశాంతత కనిపించేది. తర్వాత వెల్లకిలా పడుకుని 'హండ్రెడ్' మొదలుపెట్టేవాళ్లం. మీకు తెలిసిందే: తల, భుజాలు పైకెత్తి, చేతులు కిందికీ పైకీ ఆడిస్తూ, ఐదు లెక్కలు గాలి పీల్చి, ఐదు లెక్కలు వదలాలి. అలా పదిసార్లు చేస్తే వంద. మూడో విడతకల్లా గదిలో ఊపిరి చప్పుడు ఆగిపోయేది. దవడలు బిగుసుకునేవి, మెడనరాలు తేలేవి, ముఖాలు ఎర్రబడేవి. కొందరు నోటితో లెక్క పెడుతూనే ఉండేవారు కానీ గాలి మాత్రం లోపల బిగబట్టి ఉండేది. రెండు నిమిషాల ముందు అంత నెమ్మదిగా ఊపిరిని గమనించిన మనిషికే, ఇప్పుడు తన ఊపిరి ఆగిపోయిన సంగతి తెలియడం లేదు. కూర్చున్నప్పుడు కుదిరిన ధ్యాస, కాలు పైకి లేవగానే ఎక్కడికో పోయింది.

నా లెక్కలో ఇదే తేల్చే అంశం. ఊపిరి ఆగిన క్షణాన్ని పట్టుకోగలుగుతున్నామా, లేదా? మిగతావన్నీ దీని తర్వాతే.

ఎందుకింత పట్టింపు అంటే, ఊపిరి బిగబట్టడం చిన్న తప్పు కాదు. బరువు పడ్డప్పుడు గొంతు మూసుకుని బిగబడితే ఛాతీలో ఒత్తిడి పెరుగుతుంది, రక్తపోటు ఒక్కసారిగా పైకి లేస్తుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. పైగా పిలాటీస్‌లో ఊపిరిని వదలడమే పని చేసే సమయం. నెమ్మదిగా, పూర్తిగా గాలి వదులుతుంటే పొట్ట లోపలి కండరాలు తమంతట తామే దగ్గరకు వచ్చి నడుముకు దన్నుగా నిలుస్తాయి. బిగబట్టినప్పుడు పొట్ట పైకి ఉబ్బుతుంది, నడుము మ్యాట్ నుంచి లేస్తుంది, ఆ భారాన్ని మెడ మోస్తుంది. "పిలాటీస్ మొదలుపెట్టాక మెడ పట్టేస్తోంది" అని నాతో చెప్పినవాళ్లలో ఎక్కువమందికి మెడలో ఏ లోపమూ లేదు. ఊపిరి దగ్గరే పొరపాటు.

పిలాటీస్ శ్వాస మనకు అలవాటైన ప్రాణాయామం లాంటిది కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పొట్టను లోపలికి ఉంచి, పక్కటెముకలు గొడుగులా పక్కలకు విచ్చుకునేలా గాలి తీసుకోవాలి. కొత్తగా వచ్చినవాళ్ల డొక్కల చుట్టూ ఒక టవల్ చుట్టి, రెండు కొసలూ వాళ్ల చేతికే ఇస్తాను. పీల్చినప్పుడు టవల్ బిగుసుకోవాలి, వదిలినప్పుడు వదులవ్వాలి. నేను చూసినంతవరకు ధ్యాసకు ఇంతకన్నా మంచి పనిముట్టు లేదు. మనసు ఎటు పోయినా టవల్ మళ్లీ పిలుస్తుంది.

మొదటి నుంచీ ఈ పద్ధతి తీరే ఇది. జర్మనీలో 1883లో పుట్టిన జోసెఫ్ పిలాటీస్ తన వ్యాయామానికి తన పేరు పెట్టుకోలేదు. 'కంట్రాలజీ' అన్నాడు. కండరాన్ని మనసు అదుపులో ఉంచడం అన్నది ఆ పేరులోనే ఉంది. చిన్నప్పుడు ఆస్తమాతో బాధపడ్డ మనిషి కాబట్టి ఊపిరికి ఆయన అంత విలువ ఇవ్వడం సహజమే. 1945లో వచ్చిన ఆయన పుస్తకంలో మ్యాట్ మీద చేసే వ్యాయామాలు 34. వాటిలో మొదటిది ఆ హండ్రెడే. ఏకాగ్రత, అదుపు, కేంద్రం, కచ్చితత్వం, శ్వాస, ధార అని ఇప్పుడు మనం చెప్పుకునే ఆరు సూత్రాలను తర్వాతి వాళ్లు కూర్చారు. అవి తీసేస్తే మిగిలేది కాళ్లు చేతులు ఆడించడమే.

మైండ్‌ఫుల్‌నెస్ వైపు నుంచి చూసినా కదలిక పరాయిది కాదు. ఆ మాట వెనక ఉన్నది పాళీ 'సతి', మన 'స్మృతి'. నేనైతే క్లాసులో 'ఎరుక' అనే అంటాను, అందరికీ వెంటనే అర్థమవుతుంది. బుద్ధుడి ఉపదేశాల్లో ఒకటైన సతిపట్ఠాన సుత్తం ఊపిరిని గమనించమని చెప్పిన తర్వాత నడవడం, నిలబడడం, కూర్చోవడం, పడుకోవడం గురించి చెబుతుంది. ఆపైన చేతులూ కాళ్లూ ముడిచేటప్పుడు, చాచేటప్పుడు కూడా ఎరుకతో ఉండమంటుంది. ముడవడం, చాచడం! పిలాటీస్‌లో మనం చేసేదంతా అదే కదా. నాగార్జునకొండ, అమరావతి ఉన్న నేల మీద పుట్టినవాళ్లం, ఈ మాట మనకు కొత్తగా అనిపించకూడదు. 1979లో అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వైద్య కేంద్రంలో జాన్ కబట్-జిన్ మొదలుపెట్టిన ఎనిమిది వారాల శిక్షణలో కూడా కూర్చునే ధ్యానం ఒక్కటే లేదు. తేలికపాటి యోగాసనాలు ఉన్నాయి, పడుకుని ఒళ్లంతా గమనించుకోవడం ఉంది.

ఇంత చెప్పాక కూర్చోవడాన్ని తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. అది గెలిచే చోట స్పష్టంగా గెలుస్తుంది. దీర్ఘకాలం నడుము నొప్పితో ఉన్నవాళ్ల సంగతి చూడండి. కూర్చునే ధ్యానంతో పాటు మిగతావీ ఉన్న ఆ కబట్-జిన్ శిక్షణనే అమెరికాలో 342 మంది నడుము నొప్పి మనుషుల మీద పరీక్షించిన ఒక అధ్యయనం 2016లో వచ్చింది. ఆరు నెలల దగ్గర, మైండ్‌ఫుల్‌నెస్ నేర్చుకున్నవాళ్లలో వందకు 60 మంది రోజువారీ పనులు చేసుకోవడంలో చెప్పుకోదగినంత మెరుగయ్యారు. మామూలు వైద్యం మాత్రమే తీసుకున్నవాళ్లలో అలా మెరుగైనవారు వందకు 44 మంది. మరోవైపు పిలాటీస్‌ను చూస్తే, నడుము నొప్పి మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ 2015లో, వైద్య అధ్యయనాలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ వాళ్లు తూచి చూశారు. ఏమీ చేయకుండా ఉండడం కన్నా పిలాటీస్ మేలని తేల్చారు. ఇతర వ్యాయామాలను మించిందని మాత్రం రుజువు దొరకలేదన్నారు. పిలాటీస్ నేర్పే నేను ఈ మాట దాచకూడదు.

నొప్పి పాతదైనప్పుడు నొప్పితో పాటు నొప్పి భయం కూడా ఉంటుంది. వంగితే ఏమవుతుందోనని వంగకముందే ఒళ్లు బిగుసుకుంటుంది. ఆ భయాన్ని కదలకుండా కూర్చుని, దూరం నుంచి చూడడం నేర్చుకున్నవాళ్లు మ్యాట్ మీద ఎంతో స్వేచ్ఛగా ఉంటారు. నా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయి, ఐటీ ఉద్యోగం, మూడేళ్ల నుంచి నడుము నొప్పి. పడుకుని వెన్నును ఒక్కొక్క పూసగా పైకి లేపమంటే కళ్లు గట్టిగా మూసుకునేది. తను హైదరాబాద్‌లోనే పది రోజుల విపశ్యన శిబిరానికి వెళ్లొచ్చింది. అక్కడ మొదటి మూడు రోజులకు పైగా ఊపిరిని గమనించడమే పని. తిరిగొచ్చాక నొప్పి పోలేదు. "అక్కా, నొప్పి ఉంది, కానీ భయం లేదు" అంది. ఆ మాట తర్వాతే తనకు పిలాటీస్ నిజంగా వంటబట్టింది. కదలికలో ఎరుక అని పట్టుబట్టి కూర్చుంటే నేను తనకు అది ఇవ్వగలిగేదాన్ని కాదు.

నిద్ర పట్టనివాళ్లకూ, ఆఫీసు టెన్షన్ తలలో గిర్రున తిరుగుతూ ఉండేవాళ్లకూ కూడా కూర్చోవడమే ముందు. అయితే వాళ్లకు పొద్దున క్లాసు ముందు కన్నా రాత్రి పడుకునే ముందు కూర్చోమంటాను.

మరి నా మొగ్గు ఎటు? నడుము నొప్పి, భయం లాంటి ప్రత్యేక కారణం లేని మామూలు మనిషికైతే కదలికలోనే ధ్యాస పెట్టడం. కారణం ఊపిరి సంగతి ఒక్కటే కాదు. మ్యాట్ మీద నేర్చుకున్నది ఇంట్లోకి దిగాలి. నీళ్ల బకెట్ ఎత్తేటప్పుడు, పై అరలోంచి డబ్బా తీసేటప్పుడు, పిల్లాడిని చంకనెత్తుకుని మెట్లెక్కేటప్పుడు మనం బిగబడతాం. కోపంగా ఉన్న మెసేజ్ చదివేటప్పుడు కూడా బిగబడతాం, ఒకసారి గమనించి చూడండి. ఇవన్నీ కదలికలో, హడావుడిలో వచ్చే క్షణాలు. కష్టమైన కదలిక మధ్యలో "అరె, ఊపిరి ఆగింది" అని వందలసార్లు గుర్తుపట్టిన మనిషికి ఇక్కడా గుర్తొస్తుంది. నిశ్శబ్దమైన గదిలో మాత్రమే సాధన చేసినవాళ్లకు అది గుర్తు రావడానికి చాలా ఎక్కువ కాలం పట్టడం నేను చూశాను.

కానీ ఈ పద్ధతిలో ఒక గుంట ఉంది, అందులో నేనూ పడ్డాను. గమనించమంటే చాలామంది ఆలోచించడం మొదలుపెడతారు. "పొట్ట లోపలికి లాగానా? ఇంకా లాగాలా? తుంటి సమంగా ఉందా? పక్కావిడ కాలు నాకన్నా పైకి లేచిందా?" ఇది ఎరుక కాదు, పరీక్ష. దీనివల్ల కదలిక మొద్దుబారుతుంది. గాబ్రియేల్ వుల్ఫ్ అనే శాస్త్రవేత్త తన తోటివారితో కలిసి 1998లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. స్కీయింగ్‌ను పోలిన యంత్రం మీద నేర్చుకుంటున్నవాళ్లలో కొందరిని తమ పాదాల మీద దృష్టి పెట్టమన్నారు. మరికొందరిని పాదాల కింద ఉన్న చక్రాల మీద పెట్టమన్నారు. రెండోవాళ్లే బాగా నేర్చుకున్నారు. అది చదివాక నేను మాటలు మార్చుకున్నాను. "పొట్ట బిగించండి" అనడం తగ్గించి, "అరచేతులతో మ్యాట్‌ను నొక్కండి", "మడమతో ఎదుటి గోడను తోయండి", "టవల్‌ను పక్కలకు తోయండి" అంటున్నాను. ఒళ్లు తనంతట తాను సర్దుకుంటుంది. ధ్యాస ఊపిరి మీద నిలుస్తుంది, తీర్పు చెప్పే పని తగ్గుతుంది.

ఒంటి మీద ధ్యాస పెట్టగానే గుండె దడ, గాభరా పెరిగేవాళ్లు కొద్దిమంది ఉంటారు. వాళ్లు రెండు పద్ధతుల్లోనూ కళ్లు తెరిచే ఉంచాలి. దడ తగ్గకపోతే ఆపి, డాక్టరుతో మాట్లాడాలి. ఎముకలు గుల్లబారినవాళ్లు ధ్యాస ఎంత ఉన్నా ముందుకు చుట్టుకునే కదలికలు చేయకూడదు.

మిగతా దారుల గురించి రెండు ముక్కలు. చివర్లో ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకుని కాలివేళ్ల నుంచి తల దాకా గమనించుకోవడం: హాయిగా ఉంటుంది, సమయం ఉంటే చేయండి, కాకపోతే సగం మంది నిద్రపోతారు. ఇయర్‌ఫోన్స్‌లో ధ్యానం యాప్ పెట్టుకుని పిలాటీస్ చేయడం: ఆ గొంతు ఒక లెక్క చెబుతుంది, మీ ఊపిరి ఇంకో లెక్క అడుగుతుంది, వద్దు. పాటలు పెట్టుకోవడం: సరదాకు సరే. టీవీలో సీరియల్ చూస్తూ చేయడం: ఒళ్లు కదిలిందన్న తృప్తి మిగులుతుంది, అంతవరకే.

ఇక పిన్నిగారికి నేను ఇవ్వాల్సిన జవాబు. ఆమెకు బీపీ ఉంది, నొప్పులు పెద్దగా లేవు, ఉన్నది అరగంట. పది నిమిషాలు కూర్చోవద్దన్నాను. మ్యాట్ మీద పడుకుని, మోకాళ్లు ముడిచి, టవల్ చుట్టుకుని పది శ్వాసలు. ఆ తర్వాత హండ్రెడ్, తల మ్యాట్ మీదే పెట్టుకుని, కాళ్లు నేల మీదే ఉంచి. ఊపిరి ఆగిందని తెలిసిన ప్రతిసారీ కదలికను ఆపి, ఒక పూర్తి శ్వాస వదిలి, మళ్లీ మొదలుపెట్టాలి. వంద పూర్తవ్వాల్సిన పనిలేదు. మొదటి రోజు ఆమె పదకొండుసార్లు ఆగారు. నిన్న నాలుగుసార్లు. "ఇంతకుముందు ఒక్కసారి కూడా ఆగేదాన్ని కాదు కదమ్మా, మరి ఇప్పుడెందుకిలా?" అని అడిగారు. ఇంతకుముందూ ఊపిరి ఆగేదే పిన్నిగారూ, మీకు తెలిసేది కాదు, అన్నాను.