పాత జిప్సీకి ఎలక్ట్రిక్ కిట్: చాన్నాళ్లు వాడాక నా సమీక్ష

ముందే చెప్పేస్తాను. నడపడానికి భలే ఉంటుంది. పర్యావరణానికి మేలా అంటే మాత్రం, బండిని ఎంత తిప్పుతారన్నదాన్ని బట్టే. కిట్ అమ్మేవాళ్లు చెప్పే "సున్నా కాలుష్యం" మాట విజయవాడ వాళ్లం నమ్మితే ఎలా? బొగ్గు కాల్చి కరెంటు తీసే ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు 1979 నుంచీ మన కళ్ల ముందే ఉన్నాయి.

నాది 1.3 లీటర్ల పెట్రోల్ జిప్సీ, 80 హార్స్‌పవర్. ఒకప్పుడు ర్యాలీలను ఏలిన బండి. లీటరుకి పది కిలోమీటర్లు ఇస్తే గొప్పే. బాడీ కింద ఛాసిస్ విడిగా ఉంటుంది కాబట్టి కిట్ బిగించడం తేలిక. మన సైన్యం కూడా 2024లో ఎలక్ట్రిక్‌గా మార్చిన జిప్సీని ఢిల్లీలో చూపించింది. గేర్‌బాక్స్, ఫోర్ వీల్ డ్రైవ్ పాతవే ఉంచేశాం. ఇంజన్ చోట మోటర్, పెట్రోల్ ట్యాంకు చోటా వెనక సీట్ల కిందా కలిపి 20 కిలోవాట్ అవర్ల (అంటే 20 యూనిట్ల కరెంటు పట్టే) ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, బ్యాటరీ వచ్చాయి.

బెంజి సర్కిల్‌లో సెకండ్ గేరులో పెట్టి వదిలేస్తే చాలు, క్లచ్‌తో పనే లేదు. పెడల్ నొక్కీ నొక్కగానే లాగుతుంది. పెట్రోల్ ఇంజన్ ఆ ఊపు అందుకోవాలంటే గోల గోలగా తిరగాలి. ఇప్పుడు ఆ గోల లేదు కానీ, ఇన్నాళ్లూ దాని వెనక దాగిన శబ్దాలన్నీ బయటపడ్డాయి. ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు సన్నగా ఈల వేస్తుంది. బ్రేకు తేలిగ్గా పడేలా సాయం చేసే బూస్టర్‌కి ఇంజన్ నుంచి వచ్చే వాక్యూమ్ పోయింది కాబట్టి చిన్న ఎలక్ట్రిక్ పంపు పెట్టారు. సిగ్నల్ దగ్గర రెండుసార్లు బ్రేకు తొక్కితే అది గుర్రుమంటుంది, పక్క ఆటోవాళ్లు తొంగి చూస్తారు. కిట్ కొనేవాళ్లు మోటర్ పవర్ కన్నా ముందు ఈ పంపు గురించి అడగండి. అది ఆగితే బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

ముందు బరువు తగ్గి వెనక పెరిగింది. మొత్తం మీద యాభై అరవై కిలోలు ఎక్కువ. సస్పెన్షన్ పట్టీలు మార్పించేదాకా వెనక భాగం స్పీడ్ బ్రేకర్ల మీద కూలబడేది. సరదా బళ్లకి అసలు శత్రువు ఈ బరువే. బ్రిటన్‌లో విడిభాగాలు కొని ఇంట్లో బిగించుకునే కార్లకి పెద్ద పేరు లోటస్ సెవెన్. 1957లో వచ్చింది, 1973 నుంచి క్యాటర్‌హామ్ వాళ్లు చేస్తున్నారు. 2023లో వాళ్లు ఎలక్ట్రిక్ నమూనా చూపించారు. 240 హార్స్‌పవర్, 51 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, బరువు 700 కిలోల లోపే. అంత చేసినా పెట్రోల్ సెవెన్ కన్నా 70 కిలోల దాకా ఎక్కువే తూగింది. ట్రాక్ మీద 20 నిమిషాలు తోలి, 15 నిమిషాలు చార్జ్ పెట్టి, మళ్లీ 20 నిమిషాలు తోలాలన్నది వాళ్ల లక్ష్యం. అక్కడే అలా ఉంటే, నా డబ్బా ఆకారం జిప్సీ హైవే మీద ఎనభై దాటగానే చార్జ్ తాగేయడంలో వింతేముంది? ఊళ్లో 120 కిలోమీటర్లు ఇచ్చే బండి అక్కడ వంద ఇవ్వదు. గుంటూరు వెళ్లి రావడానికి టెన్షన్ లేదు. కొండవీడు ఘాట్ ఎక్కాలంటే మాత్రం దారిలో ఎవరింట్లోనో ప్లగ్గు చూసుకోవాల్సిందే. ఫాస్ట్ చార్జింగ్ లేదు, 15 ఆంపియర్ల సాకెట్‌లో రాత్రంతా పెట్టాలి.

ఇక కాలుష్యం లెక్క. లీటరు పెట్రోల్ కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే పాత జిప్సీకి కిలోమీటరుకి 230 గ్రాములు. ఇప్పుడు మీటరు లెక్కన కిలోమీటరుకి 0.17 యూనిట్ పడుతోంది. మన గ్రిడ్‌లో యూనిట్‌కి 700 గ్రాముల పైన వస్తుంది కాబట్టి ఇది 120 గ్రాములు. మిగిలేది 110. బ్యాటరీ తయారీకి కిలోవాట్ అవర్‌కి 60 నుంచి 100 కిలోలు వేసుకుంటే, ఆ బాకీ తీరడానికి 11 వేల నుంచి 18 వేల కిలోమీటర్లు తిరగాలి. రోజూ గుంటూరు ఉద్యోగానికి వెళ్లేవాడికి ఏడాదిలోపే తీరుతుంది. ఆదివారం కరకట్ట మీద షికారుకి తీసి, ఏడాదికి రెండు వేలు తిప్పేవాడికి ఐదు నుంచి తొమ్మిదేళ్లు.

ఈ లెక్కలోకి రానిది ఇంకొకటుంది. ఇంజన్ దించిన రోజే ఆటోనగర్‌లో ఒకతను "అన్నా, ఇంజన్ నాకిచ్చెయ్, మా పార్టీ ఒకాయన అడుగుతున్నాడు" అని బేరమాడి పట్టుకుపోయాడు. అది ఇప్పుడు ఇంకో జిప్సీలో హాయిగా పొగ వదులుతోంది. నా బండి మారింది, ఆ పొగ చిరునామా మారింది. అయితే ఆ బండివాళ్లకి కొత్త ఇంజన్ అవసరం తప్పింది, నాకు కొత్త కారు అవసరం తప్పింది, ఆ మేరకు ఉక్కు మిగిలింది. అది కూడా లెక్కలో వేయాలి.

ఖర్చు సంగతి తేలికే. పెట్రోల్‌కి కిలోమీటరుకి పదకొండు రూపాయలయ్యేది, ఇప్పుడు 225 యూనిట్లు దాటిన స్లాబులో 8.75 చొప్పున వేసినా రూపాయిన్నర. కిట్‌కి పెట్టిన లక్షలు ఆ తేడాలో రావాలంటే మాత్రం మళ్లీ బాగా తిప్పాల్సిందే. నేను పైకప్పు మీద సోలార్ పెట్టించాక పగలే చార్జ్ చేస్తున్నాను. వారాంతం బండికి అదొక్కటే సుఖం, పగలంతా ఇంట్లోనే ఉంటుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగాక, బ్యాటరీ పెట్టె నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి కొలిచాను. పాత ట్యాంకు అడుగు ఎంత ఎత్తులో ఉండేదో ఇదీ అంతే, అంతకు మించి లేదు. పెట్టెకి ఐపీ67 రేటింగ్ (దుమ్ము చొరబడదు, కాసేపు నీళ్లలో మునిగినా తట్టుకుంటుందని చెప్పేది) లేకపోతే కిట్ తీసుకోకండి. అలాగే బళ్లను పరీక్షించే ఏఆర్‌ఏఐ లాంటి సంస్థ ఇచ్చిన ఆమోదం మీ మోడల్ పేరు మీదే ఉందో లేదో కాగితం తెప్పించుకుని చూడండి. అది లేకుండా అడ్వాన్సు ఇస్తే, ఆర్సీలో ఇంధనం దగ్గర ఎలక్ట్రిక్ అని ఎక్కదు, ఇన్సూరెన్సు వాడూ ఒప్పుకోడు.