చిట్టెలుకల రిస్ట్రెయినర్: 50 ఎంఎల్ ట్యూబా, యాక్రిలిక్ గొట్టమా?

స్వల్పకాలిక ఒత్తిడికి రోగనిరోధక కణాలు ఎలా కదులుతాయో చూసే ప్రయోగాల్లో చిట్టెలుకను 2 గంటలు బిగువైన గొట్టంలో ఉంచుతారు. దానికి ల్యాబ్‌లో ఉండే కొనదేలిన 50 ఎంఎల్ ప్లాస్టిక్ సెంట్రిఫ్యూజ్ ట్యూబునే తొలిచి వాడుకోవచ్చు, లేదా దీనికోసమే చేసిన యాక్రిలిక్ (గట్టి పారదర్శక ప్లాస్టిక్) రిస్ట్రెయినర్ కొనుక్కోవచ్చు.

ఎలుకలన్నీ 20-30 గ్రాముల మధ్య ఉంటే ట్యూబు చాలు, డబ్బు దండగ వద్దు. కొనవైపు ముక్కు దగ్గర పెద్ద రంధ్రం, చుట్టూ 4-5 మి.మీ. రంధ్రాలు, మూతలో తోకకు ఒకటి పెట్టాలి. గాలి ఆడకపోతే ఒళ్లు వేడెక్కి, ఒత్తిడితో పాటు వేడి ప్రభావాన్నీ కొలిచినట్టవుతుంది. తొలిచిన అంచులను నున్నగా రుద్దాలి. చర్మం గీరుకుంటే ఆ గాయానికే కణాలు పరుగెడతాయి. చిన్న ఎలుక లోపలే వెనక్కి తిరుగుతుంది, పెద్దదానికి ఛాతీ నొక్కుకుపోతుంది. ట్యూబుకున్న అసలు లోపం ఇదే.

యాక్రిలిక్ గొట్టంలో అడ్డుపలకను జరిపి పొడవు సరిచేయొచ్చు. బరువుల్లో తేడా ఉంటే దీన్నే కొనాలి. చిక్కంతా శుభ్రం చేయడంలో ఉంది. ఆటోక్లేవ్‌కు (అధిక పీడన ఆవిరితో సూక్ష్మజీవులను చంపే యంత్రం) తట్టుకోదు, 70 శాతం ఆల్కహాల్‌తో తుడుస్తూ పోతే సన్నని పగుళ్లు వస్తాయి. వాటిలో మిగిలిన వాసన తర్వాతి ఎలుకకు మరో ఒత్తిడి. వాసనలేని సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. ఆడవాటికీ మగవాటికీ వేర్వేరు గొట్టాలు ఉండాలి.

ఏది వాడినా, ఫలితం గడియారం మీద ఆధారపడుతుంది. ఎలుకల గదిలో దీపాలు వెలిగిన తొలి గంటల్లో ఒత్తిడి హార్మోన్ కార్టికోస్టిరోన్ తక్కువగా ఉంటుంది కాబట్టి అప్పుడే మొదలుపెట్టాలి. పోలిక కోసం బంధించకుండా ఉంచే కంట్రోల్ ఎలుకలకూ ఆ 2 గంటలు మేత, నీళ్లు తీసేయాలి. వాటిని ముట్టుకున్న 3 నిమిషాల్లోపు రక్తం తీయాలి. తెల్ల రక్తకణాల్లో ఏ రకం ఎంత శాతమో మాత్రమే చూస్తే మోసపోతాం: న్యూట్రోఫిల్స్ అనే రకం పెరిగితే చాలు, లింఫోసైట్లు అనే మరో రకం శాతం దానంతటదే పడిపోతుంది. మైక్రోలీటరుకు ఎన్ని కణాలో లెక్కించాలి.

ఆ సంఖ్య నిజంగా తగ్గినా కణాలు చచ్చాయని రాసేయకూడదు, అవి రక్తం వదిలి వేరే చోటికి వెళ్లి ఉండొచ్చు. 1990లలో పరిశోధకులు ఫిర్దౌస్ ధాభర్, బ్రూస్ మెక్‌యువెన్ పెద్ద ఎలుకల్లో (చిట్టెలుకలు కాదు, ర్యాట్‌లు) చూసిన రక్తకణాల తగ్గుదల, ఒత్తిడి ఆగిన కొద్ది గంటల్లోనే సర్దుకుంది. చర్మానికి యాంటిజెన్ (రోగనిరోధక వ్యవస్థను రేపే పదార్థం) తగిలించే ముందు 2 గంటలు బంధిస్తే అక్కడి రోగనిరోధక ప్రతిస్పందన బలపడింది కూడా. ఒత్తిడి హార్మోన్లను విడుదల చేసే అడ్రినల్ గ్రంథులు తీసేసిన వాటిలో ఆ పెరుగుదల లేదు. అందుకే రక్తంతో పాటు చర్మం, లింఫు గ్రంథి, ఎముక మజ్జ నమూనాలకూ ముందే ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి. ఎలుక ఎగశ్వాస తీస్తే, 2 గంటలు నిండకపోయినా వెంటనే బయటికి తీసేయాలన్న షరతు కూడా ఆ దరఖాస్తులోనే రాయాలి.