డాక్టర్ బాబు, రిషి సార్, రాజ్: అండగా నిలవడంలో ఎవరు మేలు?

తెలుగు సీరియళ్ల గురించి నలుగురు మాట్లాడుకునే చోట ఒక ప్రశ్న తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. ‘కార్తీక దీపం’లో డాక్టర్ బాబు, ‘గుప్పెడంత మనసు’లో రిషి, ‘బ్రహ్మముడి’లో రాజ్. ముగ్గురిలో నమ్ముకున్న అమ్మాయికి నిజంగా అండగా ఉన్నది ఎవరు? మూడూ స్టార్ మా సీరియళ్లే, మూడూ టీఆర్పీలో మెరిసినవే. కథలు మీకు తెలిసినవే కాబట్టి మొదటి నుంచీ చెప్పుకురాను, నేరుగా తూకానికే వస్తాను.

ప్రేమ సీన్లు పెట్టి తూస్తే ముగ్గురూ నెగ్గుతారు. వానలో గొడుగు పట్టడం, కాలు జారితే పట్టుకోవడం, నిద్రపోతుంటే దుప్పటి కప్పడం ఏ సీరియల్లోనైనా ఉంటాయి. మనిషి ఎలాంటివాడో బయటపడేది ఆమె మీద నింద పడిన రోజున. ఆ రోజు ఎపిసోడ్‌లో మూడు విషయాలు గమనించాలి. ముందు ఆమెను అడిగాడా? ఆమె చెప్పినదాన్ని సరిచూసుకున్నాడా? కోపం వచ్చాక ఆ కోపానికి నష్టపోయింది ఎవరు? ఇల్లు వదిలింది ఎవరు, చదువో ఉద్యోగమో పోయింది ఎవరికి? నా లెక్కలో అసలు తీర్పు చెప్పేది ఈ మూడోదే. మొదటి రెండింట్లో ఎంత మంచివాడైనా ఒక్కోసారి తడబడతాడు, పైగా విలన్ పన్నిన వలలో పడకపోతే కథే ముందుకు కదలదు. కానీ కోపాన్ని ఎవరి మీద దించాలో ఎంచుకునేది మాత్రం అతనే.

ముందు డాక్టర్ బాబు సంగతి. 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి వరకు నడిచిన ‘కార్తీక దీపం’, మలయాళంలో ఏషియానెట్‌లో వచ్చిన ‘కరుత్తముత్తు’కు తెలుగు రూపం. రెండింట్లోనూ కథానాయికగా వేసింది ప్రేమీ విశ్వనాథే. డాక్టర్ బాబు కార్తీక్‌గా నిరుపమ్ పరిటాలకు వచ్చిన అభిమానం చిన్నది కాదు, అందుకు కారణమూ ఉంది. కోడలి రంగు నచ్చని తల్లి సౌందర్యను ఎదిరించి, మనసు చూసి దీప మెడలో తాళి కట్టాడు. ఆ తెగువను తక్కువ చేయకూడదు. నలుపు అన్న ఒక్క మాటతో సంబంధాలు వెనక్కి పోయే ఇళ్లు మన చుట్టూ ఇంకా ఉన్నాయి.

అంత తెగువ ఉన్నవాడు ఒక్క కాగితానికి లొంగిపోయాడు. అతనికి పిల్లలు పుట్టే అవకాశం లేదని, అతన్ని పెళ్లాడాలనుకున్న మోనిత దొంగ రిపోర్టుతో నమ్మించింది. దీప గర్భవతి అయింది. అంతే, విహారి అనే అతనితో సంబంధం అంటగట్టి ఇంటి నుంచి పంపేశాడు. ఇక్కడ నాకు మింగుడుపడనిది అనుమానం ఒక్కటే కాదు, అతను చదువుకున్న చదువు ఏమైందన్నది.

వీర్య పరీక్ష ఎలా చేస్తారో ఏ డాక్టరుకైనా తెలుసు. వీర్యస్ఖలనం లేకుండా 2 నుంచి 7 రోజులు ఆగాక నమూనా ఇవ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మాన్యువల్ ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, వాటిలో 42 శాతం కదలిక కనీస హద్దు. ఆ హద్దుకు తగ్గితే పిల్లలు పుట్టరని కాదు, అవకాశం తగ్గుతుందని మాత్రమే. ఒక రిపోర్టు చెప్పేది ఆ రోజు ఇచ్చిన ఆ నమూనా గురించే. జ్వరం వచ్చినా, కొన్ని మందులు వాడినా అంకె పడిపోతుంది. కణాలు తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, తేడా కనిపిస్తే కొంత వ్యవధి ఇచ్చి రెండోసారి చేయిస్తారు. ఒక్క రిపోర్టు చూసి జీవితకాలపు తీర్పు ఇవ్వరు. సామాన్యుడికి ఇది తెలియకపోతే సరే అనుకోవచ్చు, గుండె డాక్టరుకి తెలియదంటే ఎలా ఒప్పుకుంటాం? పైగా ఆ మాట చెప్పింది తనను పెళ్లి చేసుకోవాలని పట్టుబట్టి కూర్చున్న మనిషి. రోగి ఎవరైనా ఇలాంటి రిపోర్టు తెస్తే, వేరే ల్యాబ్‌లో మళ్లీ చేయించుకు రమ్మని కార్తీకే చెప్పి ఉండేవాడు.

పిల్లలు పుట్టాక దారి ఇంకా సులువైంది. దీపకు కవలలు. హిమను సౌందర్య తెచ్చి కార్తీక్ చేతుల్లోనే పెట్టింది, పెంచుకుంటున్న పిల్లగా అతని ఇంట్లోనే పెరిగింది. శౌర్య దీప దగ్గర పెరిగినా, అతను ‘రౌడీ’ అని ముద్దుగా పిలుచుకునేంత దగ్గరైంది. తండ్రి ఎవరో తేల్చే డీఎన్‌ఏ పరీక్షకు కావలసింది తండ్రి బుగ్గ లోపలి నుంచి ఒక దూది పుల్ల, బిడ్డ బుగ్గ నుంచి ఇంకొకటి. తల్లి నమూనా ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు. ల్యాబ్‌లో ఇద్దరి డీఎన్‌ఏను పదిహేను ఇరవై చోట్ల పోల్చి చూస్తారు. ప్రతి చోటా బిడ్డకు ఉండే రెండు డీఎన్‌ఏ ముక్కల్లో ఒకటి తండ్రి నుంచి రావాలి. ఒకటి కలవకపోతే అరుదైన మార్పు అనుకుని ఇంకా పరీక్షిస్తారు, చాలా చోట్ల కలవకపోతే తండ్రి కాదని తేల్చేస్తారు, అన్నీ కలిస్తే 99.99 శాతానికి పైగా ఖాయం. ఇలాంటి పరీక్షలకు దేశమంతటా పేరున్న సీడీఎఫ్‌డీ సంస్థ ఉన్నది కూడా హైదరాబాద్‌లోనే. ‘డీఎన్‌ఏ టెస్ట్ చేయించు డాక్టర్ బాబూ’ అని ఊరంతా అనుకున్నది ఊరికే కాదు. ప్రేక్షకులకు తట్టింది డాక్టరుకు తట్టలేదు.

అసలు పరీక్ష దాకా పోవాల్సిన పని కూడా లేదు. సక్రమమైన పెళ్లిలో ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డేనని మన సాక్ష్య చట్టం నమ్ముతుంది. సీరియల్ నడిచిన రోజుల్లో అది 112వ సెక్షన్, కొత్త భారతీయ సాక్ష్య అధినియంలో 116. ఆ కాలంలో దంపతులు కలుసుకునే వీలే లేదని రుజువు చేస్తే తప్ప కోర్టు ఆ నమ్మకాన్ని వదలదు. చట్టం దీపకు ఇచ్చినపాటి నమ్మకం కూడా కట్టుకున్నవాడు ఇవ్వలేదు.

ఇక మూడో ప్రశ్న, నష్టపోయింది ఎవరు? ఆస్పత్రి, ఇల్లు, కారు, పేరు అన్నీ కార్తీక్‌కే మిగిలాయి. దీప బస్తీలో ఇల్లు చూసుకుని, వంటలు చేసి బతికింది, ఒక బిడ్డకు దూరమై ఇంకో బిడ్డను పెంచింది. రంగు చూసి కాదన్న అత్తగారే మనసు మార్చుకుని కోడలి వైపు వచ్చారు, మొగుడు రావడానికి ఏళ్లు పట్టింది. 1500కు పైగా ఎపిసోడ్లలో అతను కన్నీళ్లు పెట్టుకున్న సీన్లు చాలానే ఉన్నాయి. ఆ కన్నీళ్లు దీప వంటింటి ఖర్చులో ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు.

రాజ్ దగ్గరికి వద్దాం. 2023 జనవరిలో మొదలైన ‘బ్రహ్మముడి’లో అతనికి కోపం రావడానికి కారణం ఉంది. స్వప్నతో పెళ్లనుకుంటే, ముసుగులో ఆమె చెల్లి కావ్యను కూర్చోబెట్టారు. మోసపోయానని అనుకోవడం సహజం. తప్పెక్కడంటే, ఆ మోసం ఎవరిదో విడదీసి చూడకపోవడం దగ్గర. పెళ్లి నడిపించింది తల్లి కనకం, పారిపోయింది అక్క, ఎక్కువకాలం మాటలు పడింది మాత్రం కావ్య. తన దుగ్గిరాల ఇంట్లో తల్లి అపర్ణ ముందు, మేనత్త రుద్రాణి ముందు నోరు విప్పాల్సిన చోట అతను మౌనంగా ఉండిపోయాడు. మట్టి విగ్రహాలకు రంగులద్దుకునే ఇంటి నుంచి వచ్చిన పిల్ల గీసిన నగల డిజైన్ల విలువ అతనికి తెలుసు. ఆఫీసులో ఆమె పని మీద ఉన్న నమ్మకం, ఇంట్లో ఆమె మాట మీద ఉండదు. రాజ్‌లో పెద్ద లోపం నాకు ఇదే అనిపిస్తుంది.

రాజ్ ఒక పసిబిడ్డను తెచ్చి తన బిడ్డేనని ఇంటిల్లిపాది ముందు చెప్పిన ఘట్టాన్ని, దీప గర్భవతి అయిన ఘట్టం పక్కన పెట్టి చూడండి. తల్లి ఎవరో చెప్పడు. కార్తీక్ చేతిలో ఉన్న ఆధారం కంటే కావ్య కళ్లముందున్న ఆధారం గట్టిది, నేరం చేశానని మనిషే ఒప్పుకుంటున్నాడు. అయినా ఆమె ఇల్లు వదల్లేదు, అతన్నీ పంపేయలేదు. ఈ మనిషి ఇలాంటి పని చేయడన్న ఒక్క నమ్మకం పట్టుకుని బిడ్డ తల్లి మాయ దాకా వెళ్లి, ఆ బిడ్డకు తండ్రి మామగారు సుభాష్ అని తేల్చింది. తండ్రి పరువు కోసం రాజ్ నింద మోయడం గొప్పే. కానీ ఆ బరువును భార్యకు చెప్పకుండా ఆమె నెత్తిన కూడా పెట్టాడు. ఒక్క రాత్రి గది తలుపు వేసి, కావ్యను తను పిలిచే పేరుతోనే ‘కళావతీ, సంగతి ఇదీ’ అని ఉంటే సరిపోయేది.

రిషి మీద ఫిర్యాదులు నాకూ ఉన్నాయి. మాట పెగలని మనిషి. తనను తల్లి జగతితో కలుపుతానని వసుధార గురుదక్షిణగా మాటిచ్చిన సంగతి తెలిసినప్పుడు, తన ప్రేమను అందుకు ఎరగా వాడుకుందని అనేసుకున్నాడు తప్ప వసుధార మనసులో ఏముందో పూర్తిగా విననేలేదు. రిషి పేరు మీద తనే మెడలో తాళి వేసుకుని ఆమె నిలబడ్డ రోజునా అంతే. ఎవరితో పెళ్లి, ఎప్పుడు, ఎందుకు? ఈ మూడు ప్రశ్నలు అడిగి జవాబు వచ్చేదాకా కదలకుండా ఉంటే వారాల తరబడి సాగిన బాధ ఒక్క సాయంత్రంలో తీరిపోయేది. గుండె పగిలినట్టు వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. అడగడం, సరిచూసుకోవడం రెండింట్లోనూ రిషికి మంచి మార్కులు పడవు.

మూడో ప్రశ్న దగ్గర మాత్రం అతను మిగతా ఇద్దరికీ అందనంత ఎత్తులో ఉంటాడు. రిషి డీబీఎస్‌టీ కాలేజీ ఎండీ, వసుధార అదే కాలేజీలో విద్యార్థిని. ఇంట్లో చేయబోయిన పెళ్లి తప్పించుకుని చదువు కోసం వచ్చి, రెస్టారెంట్‌లో పనిచేస్తూ ఫీజులు కట్టుకున్న పిల్ల. హాజరు, మార్కులు, పరీక్ష, స్కాలర్‌షిప్, అన్నీ అతని సంతకం కిందే. అలాంటి చోట మగవాడి అహం దెబ్బతింటే అమ్మాయి చదువు ఎంత తేలిగ్గా ఆగిపోతుందో కాలేజీల్లో పనిచేసినవాళ్లను అడగండి. తను ప్రేమ చెప్పినప్పుడు వసుధార కాదంది. బాధపడ్డాడు, ముభావంగా తిరిగాడు, కానీ ఆ కోపం ఆమె పుస్తకాల మీదికి రాలేదు. తర్వాత జగతి, వసుధార ఇద్దరూ కలిసి అతని మీదే నిందవేశారు, విలన్ శైలేంద్ర నుంచి అతని ప్రాణం కాపాడటానికే అయినా అతనికా సంగతి తెలియదు. అప్పుడూ గడప దాటింది రిషే. కాలేజీ, కుర్చీ, ఇల్లు వదిలి ఏళ్లపాటు ఎక్కడో బతికాడు. కోపంతో అతను పోగొట్టుకున్నది తన జీవితంలోంచే, ఆమె జీవితంలోంచి కాదు. అతను కనిపించకుండా పోయినప్పుడు అందరూ చనిపోయాడనుకున్నా, బతికే ఉన్నాడని వసుధార అంత మొండిగా పట్టుబట్టడానికి కారణం ఈ ముందు కథలోనే ఉంది.

రచయితలు హీరోని ఇలా ఎందుకు రాస్తారన్నది కూడా చెప్పుకోవాలి. వారానికి ఐదారు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలకు పైగా కథ నడవాలి. జంట కలిసిపోతే టెన్షన్ పోతుంది, హీరో పూర్తిగా చెడ్డవాడైతే ప్రేక్షకులు పోతారు. అందుకే దొంగ సాక్ష్యం పుట్టిస్తారు, దాంతో తప్పు విలన్ ఖాతాలో పడుతుంది, హీరో ‘మోసపోయినవాడు’గా మిగులుతాడు. మోనిత దొరికిపోగానే కార్తీక్‌ను మనం క్షమించేసింది అందుకే. రిపోర్టు సృష్టించింది మోనితే. ఆ రిపోర్టు పట్టుకుని భార్యను బయటికి పంపింది మాత్రం కార్తీక్.

‘జానకి కలగనలేదు’లో రామ సంగతేమిటని చాలామంది అడుగుతారు. స్వీట్ షాపు నడుపుకుంటూ, తను పెద్దగా చదువుకోకపోయినా భార్య ఐపీఎస్ కల కోసం నిలబడతాడు. తల్లి జ్ఞానాంబ ముందు నోరు పెగలదు, దాపరికాలు ఎక్కువ. మంచివాడే.

నా ఓటు రిషికి, తర్వాత రాజ్, చివర డాక్టర్ బాబు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక సూచన. ‘గుప్పెడంత మనసు’ వెయ్యి ఎపిసోడ్లు దాటిన సీరియల్, జియోహాట్‌స్టార్‌లో వరసగా చూడొచ్చు. ఓపిక తక్కువైతే తాళి ఘట్టం నుంచి రిషి కాలేజీ వదిలి వెళ్లేదాకా చూడండి, మంచీ చెడూ రెండూ అక్కడే ఉన్నాయి. నిరుపమ్, ప్రేమీ జంటే కావాలనుకుంటే 2024 మార్చిలో మొదలైన ‘కార్తీక దీపం: ఇది నవ వసంతం’ ఉంది. పేర్లు అవే, కథ వేరు. ఆ కార్తీక్ ఇంట్లోవాళ్లు కాదన్నా దీప పక్కనే నిలబడతాడు.