హల్కా, వెలాసీకోస్టరా: ఒక్కటే ఎక్కాలంటే ఏది మేలు?

ఓర్లాండో ట్రిప్ పెట్టుకున్న ప్రతివాళ్ళూ నాకు పంపే మెసేజ్ ఇదే. "అన్నా, యూనివర్సల్‌కి ఒక్క రోజే వెళ్తున్నాం, పిల్లల్ని పెట్టుకుని గంటలు గంటలు లైన్లో నిలబడలేం, హల్క్ ఎక్కాలా వెలాసీకోస్టర్ ఎక్కాలా, ఒక్కటి చెప్పు చాలు." ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసీ చేసీ విసుగొచ్చింది, అందుకే ఒకేసారి రాసేస్తున్నా.

ఈ రెండు రోలర్ కోస్టర్లూ యూనివర్సల్ వాళ్ళ ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ అనే పార్కులోనే ఉన్నాయి, రెండూ లాంచ్ కోస్టర్లే, అంటే గొలుసు పట్టుకుని టకటకమంటూ కొండెక్కి జారేవి కాదు, మోటార్లతో తోసేవి. మన హైదరాబాద్ వండర్‌లాలో రీకాయిల్ ఎక్కినవాళ్ళు "అదీ లాంచే కదా" అంటుంటారు, కాదు, దాన్ని వెనక్కి పైకి లాగి వదిలేస్తారంతే.

ముందు హల్క్. 1999 మేలో పార్కుతో పాటే మొదలైంది, బి అండ్ ఎం అనే స్విస్ కంపెనీ కట్టింది. పెద్దాయనే కానీ తీసిపారేసేది కాదు, ఎందుకంటే దాని లాంచ్ లాంటిది ఇంకోటి నేను చూళ్ళేదు. సొరంగంలాంటి ట్యూబులో ట్రైన్ మెల్లగా పైకి కదుల్తుంది, ఓహో మామూలుగానే ఎక్కుతుందిలే అని మనం సర్దుక్కూర్చునేలోపు ఏటవాలు మధ్యలో టైర్లు పట్టుకుని రెండే సెకన్లలో గంటకి 40 మైళ్ల స్పీడుకి విసిరేస్తాయి, బయటికి రావడం రావడమే తలకిందులు, ఒంట్లో బరువు లేనట్టు ఉంటుంది, ఆ తిరగబడటంలోనే చెరువు వైపుకి దూకుడు. ఆ దూకే 105 అడుగుల ఎత్తు నుంచి ఊరికే వదిలేస్తే కిందకొచ్చేసరికి లెక్క ప్రకారం 56 మైళ్లకి మించి రాదు. హల్క్ 67 మైళ్లు వెళ్తుంది. ఆ మిగతాది ఎక్కడిదంటే పైనుంచి బయల్దేరేటప్పుడే చేతిలో ఉన్న ఆ 40. అందుకే లాంచ్‌ని నేల మీద పెట్టకుండా ఏటవాలులో పెట్టడం నాకు చాలా తెలివైన పని అనిపిస్తుంది.

దీనికి కరెంటు ఎంత కావాలో తెలుసా, లాంచ్ అయ్యే ఆ క్షణానికి 8 మెగావాట్ల దాకా. నేరుగా లైన్లోంచి లాగితే లాంచ్ అయినప్పుడల్లా చుట్టుపక్కల లైట్లు డిమ్మయ్యే పరిస్థితి, అందుకని ఫ్లైవీల్స్ అనే పెద్ద పెద్ద బరువైన చక్రాలు పెట్టారు, అవి ఖాళీ టైంలో తిరుగుతూ శక్తి దాచుకుని లాంచ్ టైంలో ఒక్కసారి కక్కేస్తాయి. 2015 సెప్టెంబర్‌లో మూసేసి ట్రాక్ మార్చి, కొత్త ట్రైన్లు పెట్టి, సీట్లలో స్పీకర్లు బిగించి 2016లో మళ్ళీ తెరిచారు. మెలికలు మాత్రం పాతవే, మొత్తం ఏడుసార్లు తలకిందులు చేస్తుంది.

వెలాసీకోస్టర్ 2021 జూన్ 10న వచ్చింది, ఇంటమిన్ వాళ్ళది. ఇక్కడ టైర్లు లేవు, మాగ్నెట్లు. ట్రాక్ పొడవునా కాయిల్స్ ఉంటాయి, ట్రైన్‌కి మాగ్నెట్లుంటాయి, కాయిల్స్‌లో కరెంటు వరసగా మారుతూ ఉంటే ట్రైన్ దాని వెనకే పరిగెడుతుంది, ఒకదానికొకటి తగలవు కాబట్టి అరుగుదల తక్కువ. దీన్నే ఎల్.ఎస్.ఎం., అంటే లీనియర్ సింక్రనస్ మోటార్ అంటారు. న్యూజెర్సీ మనవాళ్ళు "మా కింగ్డా కా ముందు ఇవెంత" అనేవాళ్ళు, నిజమే, అక్కడి ఆ కోస్టర్ ఎత్తు 456 అడుగులు, మూడున్నర సెకన్లలో 128 మైళ్లు. కానీ దానిది హైడ్రాలిక్ లాంచ్, ఆయిల్ ప్రెషర్‌తో డ్రమ్ము తిప్పి కేబుల్‌తో ట్రైన్‌ని లాగాలి, మెయింటెనెన్స్ తలనొప్పి ఎక్కువ. 2024లో ఆపేసి 2025 ఫిబ్రవరిలో పేల్చి పడగొట్టేశారు. ఒహాయోలో టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్‌ది కూడా అదే హైడ్రాలిక్ లాంచ్, దాన్ని 2024లో మాగ్నెట్ లాంచ్‌కి మార్చారు. ఇప్పుడంతా మాగ్నెట్లదే రాజ్యం.

సరే, అసలు తేడాకి వస్తా. చాలామంది ఎత్తు, స్పీడు చూసి తేలుస్తారు. 67 మైళ్లు, 70 మైళ్లు, ఈ మూడు మైళ్ల తేడా ఒంటికి తెలీదు. నాకు తేల్చేది ఒక్కటే, రెండో లాంచ్. హల్క్‌ది ఒకటో తారీఖు జీతం లాంటిది, మొదట్లో చేతినిండా ఉంటుంది, కోబ్రా రోల్ (పాము పడగలా వంగి రెండుసార్లు తలకిందులు చేసే మెలిక), మొదటి లూప్ దాకా రాజాలా ఖర్చు పెడుతుంది, మధ్యలో బ్రేకుల దగ్గర కాస్త పోతుంది, చివరి మెలికలకొచ్చేసరికి ఏదో లాక్కొస్తున్నట్టే ఉంటుంది. వెలాసీ మొదటి లాంచ్ 50 మైళ్లే, నిజం చెప్పాలంటే హల్క్ లాంచ్ ముందు చప్పగా ఉంటుంది. రాళ్ళ మధ్య నుంచి మెలికలు తిరుగుతూ వచ్చి స్పీడు తగ్గుతోందిరా అనుకునేసరికి రెండోసారి తంతుంది, 2.4 సెకన్లలో 70కి.

ఆ తర్వాతదే నాకు పిచ్చి ఇష్టం. 70 మైళ్లంటే సెకనుకి 31 మీటర్ల పైన, ఆ ఊపుతో పైకెక్కితే గాలీ రాపిడీ ఏమీ లేవనుకున్నా 50 మీటర్ల దగ్గర ఊపు అయిపోతుంది. ఎదురుగా ఉన్న టాప్ హ్యాట్, అంటే నిటారుగా ఎక్కి అలాగే దిగే ట్రాక్, 155 అడుగులు, అంటే 47 మీటర్లు. చూశారా, సరిగ్గా సరిపోయేంతే ఇచ్చారు. అందుకే శిఖరం మీదకొచ్చేసరికి ట్రైన్ నీరసించి, ముందు వరసలో ఉన్నవాళ్ళు అవతల అంచున కిందకి చూస్తూ వేలాడతారు, ఆ వెంటనే 80 డిగ్రీల్లో కిందకి. వెనక వరసలో కూర్చుంటే ముందున్న బరువంతా లాగేసి సీట్లోంచి లేపేస్తుంది. ఇదయ్యాక 100 అడుగుల పొడవున తలకిందులుగా తేలటం, చివర్లో నీళ్ళ మీద బొంగరంలా ఒక చుట్టు, అంతే, బ్రేకులు. రైడ్ అయిపోయే క్షణం దాకా పట్టు సడలదు, మొన్న మా చెల్లి వాళ్ళొచ్చినప్పుడు ఒక్కదానికే టైం ఉంటే వాళ్ళని ఇటే లాక్కెళ్ళా.

పైగా వెలాసీలో ఒళ్ళో బారు ఒక్కటే, భుజాల మీద ఏమీ ఉండదు. హల్క్‌కి భుజాల మీంచి దిగే హార్నెస్, మెలికల్లో చెవులకీ దవడకీ తగులుతూ ఉంటుంది. మెడనొప్పి ఉన్నవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. అయితే భయస్తులకి ఆ హార్నెస్సే ధైర్యం, వట్టి బారుతో తలకిందులా అమ్మో అంటారు, అలాంటివాళ్ళని హల్క్‌కే పంపండి, బలవంతం చెయ్యొద్దు.

మిగతావి క్లుప్తంగా. హాగ్రిడ్ బైక్ కోస్టర్‌కి ఏడు లాంచులున్నాయి కానీ 50 మైళ్లే, కుటుంబమంతా ఎక్కేది, బానే ఉంటుంది. స్టార్‌డస్ట్ రేసర్స్ 2025లో వచ్చింది, రెండు ట్రాకుల మీద పోటీ, 62 మైళ్లు, కానీ అది ఎపిక్ యూనివర్స్‌లో ఉంది, ఆ పార్కుకి టికెట్ వేరే. డిస్నీ వాళ్ళవి ఈ పోలికలోకే తేను.

పిల్లల ఎత్తు ఇంట్లోనే కొలుచుకుని వెళ్ళండి, వెలాసీకి 51 అంగుళాలు, హల్క్‌కి 54. మధ్యలో ఉన్న పిల్లాడికి ఇక చర్చే లేదు. రెండిట్లోనూ మెటల్ డిటెక్టర్ ఉంటుంది, ఫోన్, చిల్లర, తాళాలు లాకర్లో పెట్టాల్సిందే, జేబులో దాస్తే వెనక్కి పంపుతారు. కళ్ళజోడుకి వెనకనుంచి తాడు కట్టుకోండి, మెడలో గొలుసు, నల్లపూసలు జాకెట్ లోపలికి దోపుకోండి. ఎండాకాలం మధ్యాహ్నాలు ఫ్లోరిడాలో ఉరుములొస్తే బయటున్న కోస్టర్లన్నీ ఆపేస్తారు, కాబట్టి గేటు తెరవగానే ఎడమవైపు కనిపించే ఆకుపచ్చ హల్క్ దగ్గర ఆగిపోకుండా నేరుగా లోపలికి వెలాసీకి వెళ్ళిపోండి. అది అయ్యాక టైం మిగిలితే హల్క్ ముందు వరస కోసం ఆగండి, ట్యూబులోంచి ఆకాశం కనిపించేది ఆ నలుగురికే.