చుక్కి ఇంటికి ఐదేళ్లు: గెకో టెర్రేరియంతో నా అనుభవం

డాలస్‌లో మా హాల్లో ఒక మూల గాజు టెర్రేరియం, అంటే మట్టి, మొక్కలు పెట్టి జీవిని పెంచే గాజు పెట్టె, ఉంది. అడుగు 18 అంగుళాల చదరం, ఎత్తు 24 అంగుళాలు. అందులో ఉండేది క్రెస్టెడ్ గెకో అనే బల్లి. ఒళ్లంతా నల్లచుక్కలని మా పాప దానికి చుక్కి అని పేరు పెట్టింది. 2020 చివర్లో నింపిన మట్టిని ఇప్పటిదాకా పూర్తిగా తీసి మార్చలేదు. అందుకే ధైర్యంగా రాస్తున్నాను. మూడు నెలలకే రాసి ఉంటే మాత్రం ఇలాంటి మట్టి టెర్రేరియం వద్దనే చెప్పేదాన్ని.

ఈ బల్లి సొంతూరు పసిఫిక్‌లోని న్యూ కాలెడోనియా. అంతరించిపోయిందనుకున్న ఈ జాతి 1994లో మళ్లీ కనబడింది. దీనికి 22 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ హాయిగా ఉంటుంది, 28 దాటితే తట్టుకోలేదు. ఏసీ ఉన్న గది కాబట్టి హీట్ ల్యాంపు అవసరం రాలేదు. మన గోడమీది బల్లికి తోక తెగితే మళ్లీ మొలుస్తుంది, దీనికి మొలవదు. అందుకే లోపల కదిలే రాయి ఒక్కటీ పెట్టలేదు. కార్క్ బెరడు ముక్కల్ని వెనక గోడకు సిలికోన్‌తో అంటించేశాను.

అడుగున ఎక్కువైన నీళ్లు దిగడానికి రెండంగుళాల మేర కాల్చిన మట్టి గుళికలు, వాటిమీద మెష్, ఆపైన నాలుగంగుళాల మట్టి. మట్టి అంటే కొబ్బరి పొట్టు, ఆర్కిడ్ బెరడు, స్ఫాగ్నమ్ నాచు, బొగ్గు కలిపిన మిశ్రమం. అన్నిటికంటే పైన ఎండిన ఓక్ ఆకులు.

నేను దెబ్బతిన్నది నీళ్ల దగ్గర. తేమ కావాలన్నారని పూటపూటా స్ప్రే కొట్టాను. రెండో నెలలో తలుపు తీస్తే కుళ్లిన గుడ్డు వాసన! గుళికలు నిండిపోయి నీళ్లు మట్టిలోకి ఎక్కాయి, గాలి ఆడక అడుగంతా మురిగింది. చుక్కిని ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, అక్వేరియం గొట్టంతో నీళ్లు లాగేసి, పై మట్టి రెండు వారాలు ఆరబెట్టాను. అప్పుడే ఒక మూల అడుగుదాకా సన్నని పైపు దించాను. ఇప్పుడు టార్చి వేసి చూస్తే నీళ్లు ఎంతవరకు ఉన్నాయో తెలిసిపోతుంది. కట్టేటప్పుడే ఈ పైపు పెట్టుకోండి, దయచేసి. ఇప్పుడు రాత్రి బాగా, పొద్దున కొద్దిగా తడుపుతాను. తేమ 80 శాతానికి వెళ్లి, మధ్యాహ్నానికి 55కి దిగుతుంది. ఆ దిగడం కూడా కావాలి.

శుభ్రం చేసే పని మట్టిలో బతికే చిట్టి జీవులైన స్ప్రింగ్‌టెయిళ్లదీ, డ్వార్ఫ్ వైట్ ఐసోపాడ్లదీ. స్ప్రింగ్‌టెయిళ్లని పెంచే బొగ్గుముక్కల డబ్బాలో నీళ్లు పోస్తే అవి నూకల్లా పైకి తేలతాయి, అలాగే మట్టిమీద వంచేయడమే. మొదటి నెల కార్క్‌మీద తెల్లబూజు పట్టింది. నేను కంగారుపడ్డాను గానీ వాటికి అదే భోజనం. ఇప్పుడు రెట్ట రెండు మూడు రోజుల్లో కనబడకుండా పోతుంది. ఒక్క మాట: కొత్త గెకోని తెచ్చిన రోజే ఇందులో వదలొద్దు. ఒకటి రెండు నెలలు పేపర్ టవల్ మీద ఉంచి, రెట్ట పరీక్ష చేయించాకే మార్చాలి. మట్టిలో పడితే రెట్టే కనబడదు, ఇక జబ్బేం కనిపెడతాం?

మొక్కల్లో మనీ ప్లాంటుకి, స్నేక్ ప్లాంటుకి పూర్తి మార్కులు. ఫెర్నులు రెండుసార్లు పోయాయి. నర్సరీ మట్టిలో ఎరువులూ మందులూ ఉంటాయి కాబట్టి వేళ్లు శుభ్రంగా కడిగి, నెల రోజులు బయట పెంచాకే లోపల నాటాను.

2021 ఫిబ్రవరి మంచు తుఫానులో కరెంటు పోయింది, ఇంట్లో చలి ఎముకలు కొరికింది. వేడినీళ్ల సీసాలు తువ్వాళ్లలో చుట్టి టెర్రేరియం చుట్టూ పెట్టి, మీద రజాయి కప్పాం. రాత్రంతా పాప లేచి లేచి చూసింది. తెల్లారి చుక్కి స్నేక్ ప్లాంటు ఆకు మొదట్లో ముడుచుకుని ఉంది. పాప స్ప్రే కొట్టగానే కంటిమీది నీటిబొట్టుని నాలుకతో తుడుచుకుంది. రెప్పలు లేవుగా, కళ్లు అలాగే శుభ్రం చేసుకుంటుంది. ఆ ఒక్క కదలిక చూశాకే మేం టీ పెట్టుకున్నాం.

ఐదేళ్లలో మట్టి అంగుళం పైగా కుంగింది. పోయిన ఆదివారం ఓక్ ఆకులు ఉడకబెట్టి, ఆరబెట్టి, కొత్త పొర వేశాను. పాత ఆకులు పైకెత్తితే కింద తెల్లటి పిల్ల ఐసోపాడ్లు, ఆవగింజలో సగం కూడా లేవు, లెక్కపెట్టలేనన్ని.